చర్చి గోడల మీది బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

పాత కుడ్యచిత్రాలను కాపాడే పని నాది. చర్చిలో పరంజా కట్టగానే ఎవరో ఒకరు అడుగుతారు: "కొత్త రంగులు ఎప్పుడు వేస్తారండీ?"

అపోహ: రెస్టోరేషన్ అంటే వెలిసిన బొమ్మకు మళ్లీ రంగు వేయడం.

వాస్తవం: ఇటలీలోని మిలాన్‌లో లియోనార్డో డావించి 'లాస్ట్ సప్పర్' సంగతి చూడండి. శాంతా మరియా డెల్లే గ్రాజియే చర్చి పక్కనున్న మఠం భోజనశాలలో, 1490లలో వేశారు. తడి సున్నం మీద వేసే పద్ధతి వదిలి ఎండిన గోడ మీద వేయడంతో, ఆయన బతికుండగానే రంగు పాడవడం మొదలైంది. ఆ తర్వాత బాగుచేయడానికి వచ్చినవాళ్లు దాని మీద తమ రంగులు పూస్తూ పోయారు. 1978 నుంచి 1999 దాకా సాగిన పనిలో పెద్ద భాగం, మైక్రోస్కోప్‌లో చూస్తూ ఆ పైపూతలను తీయడమే. అసలు రంగు పూర్తిగా పోయినచోట లేతగా వాటర్‌కలర్ అద్ది వదిలేశారు. పోయిన ముఖాన్ని ఊహించి గీస్తే అది మన బొమ్మే అవుతుంది. ఈ విషయంలో నేను రాజీపడను.

అపోహ: తడిబట్టతో తుడిస్తే మసి పోతుంది, వార్నిష్ వేస్తే మెరుస్తుంది.

వాస్తవం: దయచేసి ముట్టుకోకండి. పొలుసులుగా లేచిన రంగు బట్టకు అంటుకుని వచ్చేస్తుంది. మెరుపు కొన్నాళ్లే. వాటికన్‌లో మైకెలాంజిలో బొమ్మలున్న సిస్టీన్ చాపెల్ కప్పు మీద పూర్వం పూసిన జంతువుల జిగురు నల్లబడింది. అజంతాలో 1920లలో నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇటలీ నిపుణులు వేసిన లక్క వార్నిష్ పసుపెక్కింది. వాళ్లూ మంచి ఉద్దేశంతోనే చేశారు, అదే బాధ.

అపోహ: వయసు మీదపడితే బొమ్మ రాలడం సహజం.

వాస్తవం: రాల్చేది వయసు కాదు, చెమ్మ. గోడలోకి దిగిన నీరు ఉప్పును కరిగించి పైకి తెస్తుంది. నీరు ఆరిపోయాక ఆ ఉప్పు రంగు వెనకాలే గడ్డకట్టి, రంగును బయటికి తోసేస్తుంది. 1966 నవంబరులో ఫ్లారెన్స్‌ను వరద ముంచినప్పుడు అక్కడి చర్చి గోడలకు వచ్చిన కష్టమిదే. రసాయన శాస్త్రవేత్త ఎన్జో ఫెర్రోని, రెస్టోరర్ డీనో డీని కలిసి దారి కనిపెట్టారు. ముందు అమ్మోనియం కార్బొనేట్ ద్రావణంలో తడిపిన పట్టీలు, తర్వాత బేరియం హైడ్రాక్సైడ్ పట్టీలు గోడ మీద వేస్తే, ఆ ఉప్పులో హాని చేసే సల్ఫేట్ నీటిలో కరగని బేరియం సల్ఫేట్‌గా మారుతుంది, పొడిపొడిగా ఉన్న పూతా గట్టిపడుతుంది. అయినా పైకప్పు కారుతూనే ఉంటే ఏ పట్టీ నిలవదు.

అపోహ: పగుళ్లకు సిమెంటు మెత్తితే గోడ గట్టిపడుతుంది.

వాస్తవం: సిమెంటు తనతోపాటు ఉప్పును తెస్తుంది, చెమ్మను లోపలే బంధిస్తుంది. ఆ చెమ్మ పక్కనున్న సున్నంలోంచి, అంటే బొమ్మలోంచి, బయటికి వస్తుంది. సున్నపు గోడకు సున్నమే వాడండి. అంతకంటే ముందు, వానలు మొదలవకముందే ఎవరినైనా పైకెక్కించి పెంకులు, వాననీటి గొట్టాలు చూపించండి.