సుడి తిరిగిన గీత: ఆ చిన్న వీడియోపై తగవు ఎక్కడిది?

వేడి రికార్డు బద్దలైందన్న వార్త వచ్చినప్పుడల్లా ఏళ్ల తరబడి భూమి వేడి ఎలా మారిందో సుడి తిరిగే గీతగా చూపే చిన్న వీడియో ఫోన్లలో తిరుగుతుంది. వెంటే ‘జనాన్ని భయపెట్టే బొమ్మ’ అన్న ఆరోపణా బయలుదేరుతుంది. భూతాపం కథ అందరికీ తెలిసిందే. ఈ తగవు అర్థం కావాలంటే మాత్రం 2016 మే 9 దగ్గర ఆగాలి.

ఆ రోజు ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ వాతావరణ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ ఆ సుడిని ట్విటర్‌లో పెట్టారు. అప్పటిదాకా ఎడమ నుంచి కుడికి పాకుతూ వచ్చిన గీతను ఆయన గడియారంలా చుట్టారు. పన్నెండు అంకెల చోట పన్నెండు నెలలు. 1850లో బయలుదేరిన గీత ఏడాదికో చుట్టు తిరుగుతుంది, వేడి పెరిగితే బయటికి జరుగుతుంది. 19వ శతాబ్దం చివర్లో అగ్నిపర్వతాలు పేలిన కాలానికి లోపలికి ముడుచుకుంటుంది. 1950 తర్వాత కొన్నాళ్లు ఉన్నచోటే తిరుగుతుంది. 1980ల నుంచి మొత్తమ్మీద బయటికే జరుగుతుంది. 2016 ఫిబ్రవరి దగ్గర 1.5 డిగ్రీల ఎర్ర వలయాన్ని తాకుతుందేమో అనిపించేంత దగ్గరికి వెళ్తుంది. భూతాపాన్ని వీలైతే 1.5 డిగ్రీల దగ్గరే ఆపాలన్న పారిస్ ఒప్పందం కుదిరి అప్పటికి ఐదు నెలలే. కాగితం మీది 1.5 అనే అంకె సామాన్యుడి కంటికి ఒక గోడలా కనబడింది. అసలు మలుపు ఇదే. ఆ ఆగస్టు 5న రియో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలోనూ ఈ సుడిని చూపించారు.

విమర్శకుల వాదనలో ఒక పాయింటు నిజం: వ్యాసార్థం రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుంది కాబట్టి, గుండ్రటి బొమ్మలో పెరుగుదల ఉన్నదానికన్నా పెద్దగా కనిపించవచ్చు. అయితే ‘ఎర్రరంగు పూసి బెదిరించారు’ అన్న మాట హాకిన్స్ బొమ్మకు వర్తించదు. అందులో గీత రంగు వేడికి గుర్తు కాదు, కాలానికి గుర్తు: పాత ఏళ్లు ఊదా, కొత్తవి పసుపు. ఎరుపు ఉన్నది హద్దు వలయాలకే. వేడికి నీలం, ఎరుపు వాడింది 2022లో నాసా చేసిన సుడి.

ఇప్పటి గొడవంతా ఈ రెండు సుడులను కలగలపడంలోనే ఉంది. హాకిన్స్ కొలతకు సున్నా 1850–1900 సగటు, నాసా కొలతకు 1951–80 సగటు. నాసా లెక్కలోనే 2024 ఏడాది వేడి 1951–80 సగటుకన్నా 1.28 డిగ్రీలు, 1850–1900 సగటుకన్నా సుమారు 1.47 డిగ్రీలు ఎక్కువ. ఏడాది ఒకటే, వేడీ ఒకటే. కత్తిరించి పంపే వీడియో ముక్కల్లో సున్నా ఎక్కడుందో చెప్పే ఆ ఒక్క వరుసే ఉండదు.