ట్యాంకు చూసుకుని తోట వెయ్యాలి

ఒడిశా గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గర మా ఊరి బడిలో తోట వేద్దాం అనుకున్నప్పుడు అందరం ముందు నీళ్ళ పంపుకి పెట్టే సోలార్ గురించే మాట్లాడుకున్నాం, ఎన్ని వాట్లు పెట్టాలి, బ్యాటరీ ఎంతది కొనాలి అని. తీరా ఫిబ్రవరి వచ్చేసరికి ప్యానెల్ మీద ఎండ ఫుల్లుగా ఉంది, ట్యాంకులో నీళ్ళు లేవు, కాపుకొచ్చిన వంగ మొక్కలు తలలు వాల్చేశాయి. ఆ పిల్లల మొహాలు చూశాక లెక్కంతా మొదట్నుంచి వేశాను.

కరెంటు లెక్క చాలా చిన్నదండి. వెయ్యి లీటర్లు 4 మీటర్ల ఎత్తుకి ఎక్కించడానికి కావాల్సింది 11 వాట్-అవర్లే, చిన్న పంపు మూడింట రెండొంతులు వేస్ట్ చేస్తుంది అనుకున్నా 35 దాటదు. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండ రోజున 400 వాట్-అవర్ల దాకా ఇస్తుంది. బ్యాటరీ కూడా అక్కర్లేదు, పగలు నీళ్ళు పైన డ్రమ్ములోకి ఎక్కించేస్తే సాయంత్రం డ్రిప్పు పైపుల్లోకి వాటంతటవే దిగుతాయి, ఆ డ్రమ్మే మన బ్యాటరీ. ప్యానెల్‌ని దక్షిణం వైపు 19 డిగ్రీలు వాల్చాలి, మన అక్షాంశం దాదాపు అంతే. బోల్టులు మాత్రం గట్టిగా బిగించాలి, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఈ జిల్లాని ఏం చేసిందో మనకి తెలుసు.

అసలు విషయం నీళ్ళు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. ఇది పిల్లలకి చెప్తే నమ్మలేదు, అందుకని అంచులు నిటారుగా ఉన్న ఒక రేకు డబ్బా రాత్రి ఆరుబయట పెట్టించాను, పొద్దున్నే స్కేలు ముంచి చూస్తే 31 మిల్లీమీటర్లు. మా బడి కప్పు 120 చదరపు మీటర్లు, అంటే 3,720 లీటర్లు, ఒక్క రాత్రిలో చూరు మీంచి జారి గెడ్డలో, అంటే వాగులో, కలిసిపోయాయి! మా వైపు ఏడాదికి 1200 మిల్లీమీటర్ల పైనే పడుతుంది, కానీ అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబర్ లోపే.

అక్కడే చిక్కు. కప్పు మీంచి వాన నీళ్ళు పట్టే మా ట్యాంకు 10,000 లీటర్లు, నవంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా 150 రోజులకి పంచితే రోజుకి 66 లీటర్లు. ఎండుటాకులు దట్టంగా కప్పినా చదరపు మీటరుకి రోజూ మూడు లీటర్లన్నా కావాలి, అంటే 20 చదరపు మీటర్లకి మించి మడి వెయ్యకూడదు. మేమేమో 80 వేశాం. వానల్లో 80 వేసుకోవచ్చు, బెండ, ఆనప, గోంగూర ఏదైనా, చలికాలానికి తోట చిన్నదైపోవాలి.

ఇంకో సంగతి, వంద మంది పిల్లలు మధ్యాహ్న భోజనం తర్వాత తలో లీటరుతో చేతులు కడిగితే వంద లీటర్లు, ట్యాంకు ఇచ్చేదానికంటే ఎక్కువ! దాన్ని అరటి, బొప్పాయి పాదుల్లోకి మళ్ళించాం, సబ్బు నీళ్ళు కాబట్టి ఆకుకూరలకి పెట్టొద్దు. బొప్పాయి కాయలు డాల్మాలోకి, అంటే కూరగాయలు వేసి వండే ఒడియా పప్పులోకి, వెళ్తున్నాయి.

మొదటి వాన నీళ్ళు వదిలెయ్యాలి, కప్పు మీద దుమ్మూ కాకిరెట్టా అందులోనే వస్తాయి. ట్యాంకు మూతికి, నీళ్ళు నిలవ ఉంచే గోలేలకి సన్న జాలీ తప్పనిసరి, వారం పది రోజుల్లో దోమ గుడ్డు కాస్తా దోమై ఎగిరిపోతుంది, మనదసలే మలేరియా ప్రాంతం.

వాలు నేల గురించి మాత్రం ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల దగ్గరే నేర్చుకోవాలి. కొండ మీద రాళ్ళ గట్లు కట్టి మెట్లుమెట్లుగా వేసిన వాళ్ళ పొలాల్లో పై మడి నీరు తొందరపడకుండా కింది మడికి దిగుతుంది. మేం కూడా మూడు మెట్లు కట్టాం, మోకాలెత్తు కూడా లేవు, అయినా ఈసారి మట్టి కొట్టుకుపోలేదు.

వేసవి సెలవుల్లో తోటకి కూడా సెలవే, మునగ, కరివేపాకు తప్ప ఏమీ ఉంచం. తొలకరికి జనుము చల్లి, పూతకొచ్చాక దున్నేస్తాం. బడి తెరిచాక మొదటి వానకి డబ్బా ఎవరు పెట్టాలో పిల్లలు ఇప్పటికే వంతులు వేసేసుకున్నారు.