మైలేజీ పడిపోతే ముందు సూదిని చూడండి

"సర్వీసింగ్ చేయించి నెల కాలేదు, బండి మళ్లీ పెట్రోలు తాగేస్తోంది. ట్యూనింగ్ స్క్రూ ఎన్ని తిప్పులు పెట్టాలి?" హైదరాబాద్‌లో కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) ఉన్న బండి నడిపేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. తిప్పుల లెక్క మనవాళ్లకు మంత్రమైపోయింది. ఆ స్క్రూ పెత్తనం ఐడిలింగ్ నుంచి ఎక్స్‌లేటర్ పావు వంతు తెరిచేదాకానే. పావు నుంచి ముప్పావు దాకా రాజ్యం సూదిది, అంటే కార్బురేటర్ లోపల లేస్తూ దిగుతూ పెట్రోలును కొలిచే నీడిల్‌ది.

గాలి వేగం పెరిగితే ఒత్తిడి తగ్గి పెట్రోలు పైకి వస్తుందని స్కూలు పుస్తకం చెబుతుంది. ఎంత రావాలో తేల్చే సూది మాత్రం ఆ పుస్తకంలోని బొమ్మలో ఉండదు. అసలు అందమంతా అందులోనే ఉంది.

లాడ్ బజార్ గాజును చేతికి వేసుకుని చూడండి. మోచేతి దగ్గర బిగుతుగా పడుతుంది, మణికట్టు దగ్గర చుట్టూ సందు మిగులుతుంది. సూది దూరే రంధ్రం, అంటే నీడిల్ జెట్, ఆ గాజు; కిందికి సన్నబడే సూది ఆ చెయ్యి. యమహా ఆర్‌ఎక్స్ 100లో ఎక్స్‌లేటర్ కేబుల్ సూదిని పట్టుకున్న స్లైడ్‌ను లాగితే సూది లేస్తుంది. సీవీ రకం కార్బురేటర్‌లో ఆ పని గాలి ఒత్తిడికి కదిలే పలుచని రబ్బరు పొర, డయాఫ్రం చేస్తుంది. సూది లేచేకొద్దీ గాజులోకి సన్నని భాగం వచ్చి సందు పెరుగుతుంది. పెట్రోలు వెళ్లే దారి ఆ ఉంగరమంత సందే.

ఉదాహరణకు జెట్ రంధ్రం 2.60 మి.మీ., అక్కడ సూది మందం 2.50 అనుకుందాం. సందు విస్తీర్ణం 0.40 చ.మి.మీ. ఇంజిన్ అదురుకు సూది కొట్టుకుని కొట్టుకుని ఇత్తడి జెట్ 2.62కు అరిగిందనుకోండి. అరిగింది చుట్టూ 0.01 మి.మీ., తల వెంట్రుకలో ఏడో వంతు. కానీ సందు 0.48 అవుతుంది: 20 శాతం ఎక్కువ! పెట్రోలు ముందుగా దాటే 1.0 మి.మీ. రంధ్రం, అంటే మెయిన్ జెట్, అదే దారిలో అడ్డు ఉంటుంది కాబట్టి పెట్రోలు 15 శాతం దాకానే పెరుగుతుంది. గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి సరిపోయే చోట అది చాలా పెద్ద తేడా. ప్లగ్గు మసిబారుతుంది, బండి సగం ఎక్స్‌లేటర్‌లో మొద్దుగా లాగుతుంది, పూర్తిగా తిప్పితే హాయిగా పోతుంది. ఎందుకంటే సూది 2.40 దాకా సన్నబడేసరికి సందు 0.785 అవుతుంది, అది మెయిన్ జెట్ రంధ్రమంత. ఆ పైన కొలిచేది మెయిన్ జెట్టే, దానికి అరుగుదల లేదు.

ఈ జబ్బు స్క్రూతో కుదరదు, క్లీనింగ్‌తోనూ పోదు. సూది తీసి వెలుతురులో చూడండి. ఒక పక్క మెరుస్తూ గీతపడి ఉంటే అరిగినట్టే. జెట్ అరుగుదల కంటికి ఆనదు, అందుకే రెండూ కలిపి మార్చాలి. పుత్లీబౌలిలో కిట్ కొనేటప్పుడు సూది మీద చెక్కిన నంబరు సరిపోల్చండి. సూది సన్నబడే వాలు తేడా ఉంటే గాలి, పెట్రోలు మిశ్రమమే మారిపోతుంది. ఐడిలింగ్‌లో పెట్రోలు ఇచ్చే స్లో జెట్‌ను గుండుసూదితో పొడవనివ్వకండి, రంధ్రం పెద్దదైతే మళ్లీ చిన్నది కాదు. క్లీనర్ స్ప్రే, గాలి చాలు.

ఇక ఇథనాల్ సంగతి. 20 శాతం కలిపిన పెట్రోలుకు సుమారు 13.5 రెట్ల గాలే సరిపోతుంది, 10 శాతందానికి 14.1. 10 శాతందానికి సర్దిన కార్బురేటర్‌కు అది తెలియదు, కాబట్టి మిశ్రమం 4 శాతం పలచబడి పికప్ తడబడుతుంది. సూది పైకొనలోని గాళ్లలో దాన్ని పట్టి ఉంచే క్లిప్‌ను ఒక గాడి కిందికి దించితే సూది సుమారు 1 మి.మీ. లేస్తుంది. 2 డిగ్రీల వాలున్న సూదికి, 2.45 మందం దగ్గర, పెట్రోలు 12, 13 శాతం పెరిగిపోతుంది, అది మరీ ఎక్కువ. గాడి మార్చకుండా క్లిప్ కింద 0.25 మి.మీ. వాషర్ పెడితే 3.5 శాతం దగ్గర ఆగుతుంది. అరిగిన జెట్ మీద మాత్రం ఈ వాషర్ వేయకండి, అక్కడ మిశ్రమం ముందే రిచ్‌గా, అంటే పెట్రోలు ఎక్కువగా ఉంటుంది.