మంచె మీది కేక

మన వీధి పిల్లలందరికీ ఆశీస్సులు.

పోయిన ఆదివారం సాయంత్రం నేను కొండ దిగి వచ్చి, కారులోంచి వెదురుగడ, తీగచుట్ట దించుతుంటే మీలో అందరికంటే చిన్నది వచ్చి అడిగింది: "తాతా, ఫోన్ చేస్తే అయిపోయే దానికి కొండెక్కి రేడియోలో ఎందుకు మాట్లాడతావు?" అప్పటికి కాళ్లు పీకుతున్నాయి. రేపు చెప్తానన్నాను. పిల్లలడిగిన ప్రశ్నను బాకీ పెట్టకూడదు. అందుకే ఈ ఉత్తరం.

మీలో ఎవరూ జొన్నచేలో మంచె చూసి ఉండరు. మన అనంతపురం చుట్టూ ఇప్పుడు శనక్కాయ, చీనీ తోటలే ఎక్కువ. నా చిన్నప్పుడు మాకు రెండెకరాల జొన్న ఉండేది. కంకి పాలు పోసుకునే వేళకు పిట్టలు దిగేవి. నాలుగు గుంజలు పాతి, మీద కట్టెలు పరిచి, సొప్పతో నీడ కట్టి మా నాయన నన్ను పైకెక్కించేవాడు. చేతిలో వడిసెల, పక్కన సద్దిమూట. పొద్దు పొడిచినప్పటి నుంచి కేకలేయడమే నా పని.

చేలో నిలబడి కేకేస్తే ఆ కేక పది సాళ్లు కూడా దాటదు. జొన్న మనిషికంటే ఎత్తు, ఆకూ సొప్పా గొంతును మింగేస్తాయి. అదే గొంతు, అదే పిల్లోడు, మంచె ఎక్కి అరిస్తే మాత్రం కేక కంకుల మీదుగా తేలిపోయి వంక అవతలి చేలో వినపడేది. అక్కడ ఇంకో మంచె మీద మా పెద్దనాయన కొడుకు. నేను "ఓ...య్" అంటే వాడు "ఓ...య్" అనేవాడు. చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. అయినా వాడి కేక వినపడగానే ఎండ సగం తగ్గినట్టుండేది.

నేను ఎక్కే కొండ ఆ మంచే.

రేడియో తరంగం, ముఖ్యంగా నా చేతి సెట్టులోది, చూపులాగా దాదాపు తిన్నగా పోతుంది. చదునైన నేల మీద నిలబడితే మీ చూపు నాలుగైదు కిలోమీటర్లకు మించి పోదు, భూమి గుండ్రంగా వంగిపోతుంది కాబట్టి. 300 మీటర్ల కొండెక్కి చూస్తే అదే చూపు 60 కిలోమీటర్ల దాకా పోతుంది. రేడియోను గాలి కొంచెం వంచుతుంది కాబట్టి అది ఇంకాస్త ముందుకు పోతుంది. గుత్తి కోట కట్టినవాళ్లకు, పెనుకొండ కోట కట్టినవాళ్లకు ఈ లెక్క తెలుసు. దూరాన లేచే దుమ్ము చూసి, వచ్చేది ఎద్దులబండో సైన్యమో చెప్పాలంటే ఎత్తున కూర్చోవాలి కదా.

మరి ఫోనో? మీ మాట మీ ఫోను నుంచి ఊళ్లోని టవరు దాకానే గాలిలో పోతుంది. ఆ తరువాత చాలా దూరం భూమిలో పాతిన తీగల్లో నడుస్తుంది. ఆ టవరు కూడా మంచే, వేరేవాళ్లు కట్టి కాపలా కాసే మంచె. నా కొండ మీద నా సెట్టుకూ అవతలి మనిషికీ మధ్య ఎవరూ లేరు.

పోయిన వారం సంగతి చెప్తాను. తెల్లవారుజామున 44వ నంబరు హైవే పట్టుకుని గుత్తి దాకా, అక్కడి నుంచి మట్టిబాటలో కొంత దూరం. బాట ఆగిన చోట కారు ఆపేసి నడక. ఇలా శిఖరాలెక్కి మాట్లాడే పద్ధతికి 2002లో బ్రిటన్‌లో ఒక పథకం మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. కారులో కూర్చుని మాట్లాడితే లెక్కకు రాదు. డీజిల్ జనరేటర్ పనికిరాదు. మోసుకెళ్లిన బ్యాటరీతో, శిఖరం నుంచి ఎత్తులో 25 మీటర్లకు మించి దిగకుండా కూర్చుని, కనీసం నలుగురితో మాటా మాటా కలిస్తే పాయింట్లు. అలా వెయ్యి పాయింట్లు కూడబెట్టినవాడిని "మౌంటెన్ గోట్" అంటారు, అంటే కొండమేక. మనవైపు మేకల కాపర్లకు ఆ బిరుదు పుట్టుకతోనే ఉంది! నేను పాయింట్ల కోసం ఎక్కను గానీ ఆ నియమాలు మంచివని పాటిస్తాను.

పైన గుండ్ల మధ్య వెదురుగడ నిలబెట్టి, రెండు పక్కలకూ పదేసి మీటర్ల ఏరియల్ తీగ దించాను. మొదట చేతి సెట్టులో అనంతపురం మిత్రుడు దొరికాడు, ఎదురుగా కూర్చున్నట్టు మాట్లాడాడు. ఆ తరువాత పెద్ద సెట్టు పెట్టి 40 మీటర్ల బ్యాండులో, అంటే తరంగం పొడవు దాదాపు 40 మీటర్లుండే చోట, "సీక్యూ, సీక్యూ" అన్నాను. ఎవరైనా పలకండి అని దానర్థం. ఆ సెట్టు బలం 5 వాట్లు. పాత జీరో బల్బు తినే కరెంటులో మూడో వంతు. పుణె పలికింది, విజయవాడ పలికింది, మదురై పలికింది.

మదురై మనిషితో మాట్లాడుతుండగా గొర్రెల కాపరి ఒకాయన వచ్చి గుండు మీద కూర్చున్నాడు. కాసేపు విని అడిగాడు: "ఆయప్ప యాడుండాడు?"

"మదురైలో."

"ఆడ వాన్లు పడినాయంటనా అడుగు."

అడిగాను. వారం కింద బాగా పడినాయని చెప్పాడు. కాపరి తలూపి, "మనకే లేకపాయె" అని గొర్రెల వెంట వెళ్లిపోయాడు. ఆ ఒక్క ప్రశ్న కోసం ఆ కొండ ఎన్నిసార్లైనా ఎక్కుతాను.

మదురై ఎక్కడ, 60 కిలోమీటర్లెక్కడ అని పెద్దోడు అడుగుతాడు, నాకు తెలుసు. నా మంచె లెక్క అంత దూరం రాదు. అయినా దాన్ని వదలబుద్ధి కావడం లేదు, కాబట్టి ఇలా అనుకోండి: మంచెల మీద వందల కిలోమీటర్ల ఎత్తున ఒక కప్పు ఉంది. సూర్యుడి నుంచి వచ్చే, కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు, ఎక్స్-కిరణాలు గాలిలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడదీసి ఆ కప్పు వేస్తాయి. కొన్ని తరంగాలు దానికి తగిలి, మిద్దె కప్పుకు కొట్టిన బంతిలా దూరాన దిగుతాయి. ఆ కప్పు పొద్దున ఒకలా, రాత్రి ఒకలా ఉంటుంది. ఎన్నేళ్లు విన్నా, ఐదు వాట్ల నా గొంతు ఆకాశాన్ని తాకి మదురైలో ఒకరింట్లో దిగిందంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఇంతకంటే విడమర్చి చెప్పడం నాకు చేతకాదు.

ఇది ఉత్త ఆట కాదు. 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ గారు తన బృందంతో అండమాన్ వెళ్లి, ప్రపంచమంతటి హ్యామ్‌లతో, అంటే నాలాగా లైసెన్సు తీసుకుని సరదాకు రేడియోలో మాట్లాడేవాళ్లతో, మాట్లాడుతున్నారు. 26న సునామీ వచ్చింది, ఫోన్లు మూగబోయాయి. అప్పుడు ఆ రేడియోలే ద్వీపాల్లోని వాళ్ల క్షేమం బయటికి చేరవేశాయి. రోజూ ఊరికే "ఓయ్" అనుకునే అలవాటు ఉన్నవాళ్లకే ఆ రోజు గొంతు పనికొచ్చింది.

మీలో పన్నెండేళ్లు నిండినవాళ్లు పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవచ్చు. లైసెన్సు లేకుండా నా సెట్టు మీట నొక్కకూడదు, వినడానికి మాత్రం అడ్డు లేదు. నల్లమల, శేషాచలం కొండలకు తీసుకెళ్లమని అడగొద్దు. ఒకచోట పులులు, ఒకచోట ఎర్రచందనం, అనుమతి లేనిదే అడుగు పెట్టకూడదు.

ముందు ఒక పని చేయండి. మీ జేజి దగ్గర పాత రేడియో ఉంటే మీడియం వేవ్ పెట్టి, మధ్యాహ్నం ఎన్ని స్టేషన్లు దొరుకుతాయో రాసుకోండి. రాత్రి ఎనిమిది దాటాక మిద్దె మీదికి తీసుకెళ్లండి, ఎల్ఈడీ బల్బులకు దూరంగా. ముల్లు మెల్లగా తిప్పండి. స్టేషన్ నీరసంగా ఉంటే రేడియోనే పక్కకు తిప్పి చూడండి. ఏ భాషలు వినపడ్డాయో రాసిపెట్టండి.

వచ్చే ఆదివారం పొద్దున ఐదుకు బయలుదేరదాం. బూట్లు, టోపీ, తలా రెండు సీసాల నీళ్లు. అమ్మానాన్నలకు చెప్పి రండి. చిన్నదాన్ని నేను ఎత్తుకుంటాను.

మీ తాత