కోరంగిలో బోటు ఎక్కేముందు

చిరంజీవులు బుజ్జికి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో కోరంగి దగ్గర బోటు ఎక్కుతారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అయితే బోటు కదిలాక రెండు పక్కలా మడచెట్లు, బురద, కొంగలు తప్ప ఇంకేం కనపడవు, మీరు పది నిమిషాలకే ఫోన్లలో తలదూరుస్తారేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ బోటు వెళ్ళేది ఒకప్పటి ఓడల దారి.

యానాం దగ్గర గోదావరి పాయ గౌతమి నుంచి ఇంకో పాయ చీలి ఉత్తరానికి తిరుగుతుంది. అదే కోరంగి ఏరు. రెండు వందల ఏళ్ళ కిందట ఓడలు కట్టడంలో, దెబ్బతిన్నవాటిని బాగుచేయడంలో ఈ తీరం మొత్తానికీ పేరుపడ్డ ఊరు ఇది. యానాంలో ఫ్రెంచివాళ్ళు, ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు, జగన్నాథపురంలో డచ్చివాళ్ళు దిగింది మన నేతగాళ్ళ బట్ట కోసమే, ఆ బట్టకి ఓడలు కావాలి కదా. బర్మాకి కూలి పనులకి వెళ్ళినవాళ్ళకీ ఈ ఊరి పేరే అంటుకుంది. ఏ జిల్లా నుంచి వెళ్ళినా సరే, రంగూన్ రేవులో మూటలు మోసే తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. 1930లో ఆ రేవు కూలీల మీద జరిగిన దాడుల్లో ఎంతోమంది పోయారు. మన స్కూలు పుస్తకాల్లో ఆ సంగతి లేకపోవడం నాకు బాధే.

మరి అంత రేవు ఏమైంది? గూగుల్‌లో కొడితే తుఫాను అనే వస్తుంది. నిజమే, 1789 డిసెంబరులో ఒకదాని వెనక ఒకటిగా మూడు కెరటాలు ఊరి మీద పడ్డాయని, సైక్లోన్ అనే పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ రాశాడు. మళ్ళీ 1839 నవంబరు 25న ఇంకో ఉప్పెన. అందులో మూడు లక్షలమంది చనిపోయారని ఎక్కడ చూసినా ఉంటుంది గానీ నేను నమ్మను, ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపినా ఆ రోజుల్లో అంత జనం ఎక్కడిది? ఊరు కొట్టుకుపోయిందన్నది మాత్రం నిజం.

కానీ తుఫాను ఒక్కటే అయితే జనం మళ్ళీ కట్టుకునేవాళ్ళు, 1789 తర్వాత కట్టుకున్నారు కూడా. రేవుని అసలు మింగింది ఒండ్రు. గోదావరి నాసిక్ దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చేసరికి దారిలోని నల్లరేగడిని అంతా కడిగి తెస్తుంది. పోటు వచ్చినప్పుడు సముద్రం ఎదురు తోస్తుంది, నీరు నిలబడుతుంది, మట్టి అడుక్కి దిగుతుంది. బోటు ఒడ్డుకి చేరాక ఆ బురద కాస్త వేళ్ళ మధ్య నలిపి చూడండి, రవంత గరుకు తగలదు, వెన్నలా జారుతుంది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన పుల్లలు ఎండుకొమ్మలు కావు, తెల్లమడ వేళ్ళు. ఆ మట్టిలో గాలి ఉండదు కాబట్టి ఊపిరి కోసం పైకి వస్తాయి. వాటి మధ్య చిక్కిన ఒండ్రు మళ్ళీ పోదు, ఏటా ఏరు ఇంకాస్త ఇరుకైపోతుంది.

సముద్రం దగ్గరా ఇదే కథ. గౌతమి తెచ్చిన ఇసుకని తీరం వెంబడి నీళ్ళు ఉత్తరానికి తోసుకుపోయి పొడవాటి తిప్ప కట్టాయి. హోప్ ఐలాండ్ అదే, ఈ రెండు శతాబ్దాల్లో పేరుకున్నదే. దాని చాటున కాకినాడకి ప్రశాంతమైన అఖాతం దొరికింది, వ్యాపారం అటు మళ్ళింది. మనకి పోయింది రేవు, వచ్చింది మడ అడవి. నేను మాత్రం ఈ అడవిని తక్కువ చెయ్యను. ఉప్పెన వస్తే ముందు దెబ్బ కాసేది ఇదే, మనం తినే రొయ్యల, పీతల పిల్లలు పెరిగేదీ ఇక్కడే. 1978లో దీన్ని అభయారణ్యం చేయడం మంచి పని.

వీలైతే పాటు సమయంలో వెళ్ళండి, నీరు తీసినప్పుడే వేళ్ళూ పీతలూ కనిపిస్తాయి. ఇక్కడ లోతు ఎంతుంటుందని బోటు నడిపే సరంగుని అడిగి, ఆ లోతులో ఓడ నడుస్తుందో లేదో మీరే లెక్కేసుకోండి. తిరిగొచ్చేటప్పుడు తాళ్ళరేవులో ఆగమని నాన్నతో చెప్పండి, అక్కడ చేపల బోట్లు కట్టే మేస్త్రీలు ఉన్నారు. పక్కటెముకల్లాంటి చెక్కలు వరసగా నిలబెట్టి పలకలు ఎలా బిగిస్తారో అడగండి, పిల్లలు అడిగితే కాదనరు.

ఇట్లు,
తాతయ్య