తోట గోడ మీద అట్లాస్ చిమ్మట

నగరంలోని తోటలో తెల్లవారే వేళ, రాత్రంతా వెలిగిన దీపం కింద గోడకు అంటుకుని ఒక పెద్ద ఎండుటాకు లాంటిది కనిపిస్తే, దాన్ని ఊడ్చివేసే ముందు ఒకసారి దగ్గరగా చూడడం మంచిది. దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాలలో అది అట్లాస్ చిమ్మట కావచ్చు. అడవి పట్టుపురుగుల కుటుంబానికి చెందిన ఈ కీటకం రెక్కలు చాపితే వెడల్పు 24 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఇటుక రంగు రెక్కల నడుమ పొలుసులు లేని, వెలుతురు చొరబడే త్రికోణాలుంటాయి. ముందు రెక్కల కొసలు పాము తలను తలపిస్తాయి.

ఇంతటి ప్రాణికి తినడానికి పనికివచ్చే నోరు లేదు. గొంగళిపురుగుగా వారాల తరబడి ఆకులు మేసి ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే అది గూడు అల్లుకోవాలి, రూపు మార్చుకోవాలి, జతకట్టాలి, గుడ్లు పెట్టాలి. రెక్కలు వచ్చాక బతికేది ఒకటి రెండు వారాలే కనుక, ఆడ చిమ్మట ఆ కొవ్వును ఎగరడంలో ఖర్చుచేయకుండా తన గూటి దగ్గరే వేలాడుతూ ఒక వాసనను గాలిలోకి వదులుతుంది. ఈకల్లాంటి మీసాలతో ఆ వాసనను పసిగట్టి వెతుక్కుంటూ రావలసింది మగదే.

ఈ పిలుపు ఎంత బలమైనదో ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త ఫాబ్ర్ తన ఇంట్లోనే చూశాడు. ఐరోపాలోని ఇదే కుటుంబపు చిమ్మటల్లో ఆడదాన్ని ఒకదాన్ని ఆయన జాలీ కింద ఉంచితే, ఆ రాత్రి 40 దాకా మగ చిమ్మటలు ఇంట్లోకి వచ్చాయి. గాలి చొరని గాజు పాత్రలో మూసినప్పుడు ఒక్కటీ రాలేదు. ఆడది కళ్లకు కనిపిస్తున్నా వాటికి అది లేనట్టే. అలాంటి వాసన పదార్థపు రసాయన స్వరూపం తొలిసారి తేలింది 1959లో. మనం పెంచే పట్టుపురుగు ఆడ చిమ్మటలను దాదాపు 5 లక్షలు సేకరించి, జర్మన్ రసాయన శాస్త్రవేత్త బ్యూటెనాంట్ దాన్ని వేరుచేశాడు.

వాసన వెంట వెళ్లవలసిన మగ చిమ్మట నగరంలో దీపం చుట్టూ తిరుగుతూ, మళ్లీ నింపుకోలేని కొవ్వును అక్కడే కరిగించుకుంటుంది. గోడ మీద మనకు కనిపించేది తరచూ ఇలా అలసిపోయినదే. రాత్రికి ఆ ఒక్క దీపం ఆర్పితే దానికి దారి దొరుకుతుంది. జత కుదిరితే ఆడది ఆకుల మీద గుడ్లు పెడుతుంది. వాటిలోంచి వచ్చే పిల్ల పురుగులు ముందుగా తమ గుడ్డు పెంకునే తిని, ఆ తర్వాత ఆకు మీదికి మళ్లుతాయి.