గీటురాయి చెప్పని సంగతి: తూర్పు చాళుక్యుల బంగారు నాణేల నేపథ్యం

పాత బంగారు నాణెం చేతికి వచ్చినవారు సాధారణంగా ముందు చేసే పని, తెలిసిన కంసాలి దగ్గరికి వెళ్లి గీటు పెట్టించడం. ఒరగల్లు మీద పడిన గీత వన్నె ఎంతో చెబుతుంది. ఇప్పటి ఎక్స్‌రే యంత్రం అదే సంగతిని క్యారెట్లలో చెబుతుంది. అయితే ఆ రెండూ తేల్చేది లోహం మాటే గాని నాణెం మాట కాదు. అరుదైన నాణేనికి సేకర్తలు పెట్టే ధర అందులోని బంగారం విలువకు ఎన్నో రెట్లు ఉంటుంది కనుక, మేలిమి బంగారంతోనే నకిలీ పోయించినా మోసగాడికి లాభమే మిగులుతుంది. మరి అసలుది ఏదో తేల్చేదెలా అన్న ప్రశ్నకు తూర్పు చాళుక్యుల నాణేల చరిత్ర కొంత జవాబు చెబుతుంది.

నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజ నరేంద్రుడు, ఆయనకు పెదతండ్రి అయిన మొదటి శక్తివర్మ పదకొండో శతాబ్దంలో బంగారు నాణేలు వేయించారు. వింత ఏమిటంటే, పండితులు మొదట చర్చించిన నాణేలు గోదావరి తీరంలో దొరికినవి కావు. బర్మాలోని అరకాన్ తీరానికి దగ్గరగా ఉన్న చెదుబా దీవిలోనూ, సయాం (నేటి థాయ్‌లాండ్)లోనూ బయటపడినవి. శాసన పరిశోధకుడు జాన్ ఫ్లీట్ 1890లో వాటి ఆధారంగా ఆ ఇద్దరు రాజుల చరిత్రను చర్చించారు. బంగాళాఖాతం మీదుగా సాగిన వర్తకమే వాటిని అక్కడికి చేర్చి ఉంటుందన్నది సమంజసమైన ఊహ. ఆ నాణేలు ఊరూ పేరూ లేకుండా ఏ వేలంలోనో కనబడి ఉంటే ఈ ఊహకు కూడా ఆధారం ఉండేది కాదు.

తరువాత రాజమహేంద్రవరం పక్కనే ఉన్న ధవళేశ్వరంలో చాళుక్య, చోళ నాణేలు కలిసి ఉన్న నిధి దొరికింది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం 1966లో దాని వివరాలను ప్రచురించింది. రాజరాజ నరేంద్రుడు రాజేంద్ర చోళుని కూతురు అమ్మంగదేవిని పెళ్లాడినవాడు. వియ్యమందిన ఆ రెండు వంశాల నాణేలు ఒకే నిధిలో కనిపించడం శాసనాల్లోని కథకు లోహంలో దొరికిన సాక్ష్యం. నిధిని పంచుకుని విడివిడిగా అమ్మేసి ఉంటే ఒక్కో నాణెం విలువ ఏమాత్రం తగ్గేది కాదేమో, ఆ సాక్ష్యం మాత్రం మిగిలేది కాదు.

తూర్పు చాళుక్యుల నాణేన్ని దగ్గరగా చూడటం అవసరం. ఇది రేకులా పలుచగా, వెడల్పుగా ఉండే బిళ్ల. నడుమ చాళుక్యుల లాంఛనమైన వరాహం (అడవిపంది) బొమ్మ ఉంటుంది. చుట్టూ తెలుగు-కన్నడ లిపిలో రాజు పేరు ఉంటుంది. ఒక్కో అక్షరాన్నీ విడి ముద్రతో కొట్టారు. అందువల్ల ఒక అక్షరం కాస్త ఒరిగి, మరొకటి అంచుకు జరిగి, ఏ రెండు నాణేల వరుసా అచ్చంగా ఒక్కలా ఉండదు. రెండు నాణేల మీద అన్ని అక్షరాలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే చోట పడి ఉన్నాయంటే, ఒకే మూసలో పోశారని అనుమానించాల్సిందే. అంచున సన్నని అతుకు గీత, ఉపరితలం మీద సూదిమొన బెజ్జాల్లాంటి బుడగలు కనబడితే ఆ అనుమానం బలపడుతుంది. చేతితో చేసిన పనిలోని తొట్రుపాటే ఇక్కడ అసలుకు గుర్తు.

లోపమే సాక్ష్యం కావడం రోమన్ నాణేల విషయంలోనూ ఉంది. తమిళనాడులోని పుదుక్కోట్టై ప్రాంతంలో 1898లో దొరికిన 501 రోమన్ బంగారు నాణేల్లో చాలావాటిపై చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంది; చెలామణీ నుంచి తప్పించేందుకు అలా కొట్టారన్నది ఒక అభిప్రాయం. దక్కనులో దొరికిన కొన్నింటికి బొమ్మ తలకు పైన రెండు బెజ్జాలు కనిపిస్తాయి, అంటే అవి ఎవరి మెడలోనో వేలాడాయన్నమాట. కాసులపేరు ఎరిగిన మనకు ఇది ఆశ్చర్యం కాదు. అలాంటి బెజ్జాన్ని పూడ్చి, గాటును సాపుచేసి 'కొత్తలా' మార్చే వ్యాపారి, నా దృష్టిలో నాణేనికి చేసే మేలు ఏమీ లేదు.

చట్టం దగ్గరే అసలు ఇరకాటం. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన నాణేలను పురావస్తువులుగా పరిగణించి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడాన్ని నిషేధించింది. మొదటి చట్టంలో దొరికినవారికి వాటా, పరిహారం వంటి ఏర్పాట్లున్నా, లంకెబిందె దొరికిందంటే పోలీసులు వస్తారన్న భయమే ఊళ్లలో ముందు నిలుస్తుంది. ఆ భయంతో రాత్రికి రాత్రే మూసలో కరిగించిన నాణేల లెక్క ఏ మ్యూజియం దగ్గరా లేదు. కరగకుండా తప్పించుకున్నవి కూడా 'తాతల నాటి సేకరణ' అన్న ఒక్క మాటతోనే చేతులు మారుతుంటాయి. ఏ ఊళ్లో, ఏ కుండలో, వేటితో కలిసి దొరికిందో చెప్పే కాగితం వాటి వెంట ఉండదు. కొనేవారు అడిగినా, ఆ అడగడం బేరం కుదిరాకే.